నొప్పి లేదు కదా అని ఆగొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. మూడు నెలల క్రితం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. మా ఇంట్లో ఎవరికీ క్యాన్సర్ రాలేదు. పీరియడ్స్ వల్లేమో, అదే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. సూదితో పరీక్ష చేస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించుకోండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. కొన్ని నీటి తిత్తులు, కొన్ని ఫైబ్రోఅడినోమా అనే మామూలు గడ్డలు. అయితే అది ఏ రకమో పైపైన తడిమి మీరు తేల్చలేరు. ఆ మాటకొస్తే నేనూ కచ్చితంగా తేల్చలేను. అందుకే పరీక్షలు.

మీరు ఇన్నాళ్లు ఆగడానికి కారణం నొప్పి లేకపోవడమే అనిపిస్తోంది. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేదీ ఇదే. నొప్పి పుడితే మర్నాడే పరుగెత్తుకొస్తారు, లేకపోతే నెలలు గడిపేస్తారు. నిజానికి రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. పీరియడ్స్‌కు ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలపడం హార్మోన్ల పని, దానికి కంగారు అక్కర్లేదు. ఒక నెలసరి వచ్చి వెళ్లాక కూడా గడ్డ అలాగే ఉంటే మాత్రం చూపించాల్సిందే. మీకు మూడు నెలలు దాటాయి.

ఇంట్లో ఎవరికీ లేదన్న ధీమా కూడా పెట్టుకోకండి. వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్లు నూటికి 5 నుంచి 10 మాత్రమే. స్త్రీ కావడం, వయసు పెరగడం తప్ప చెప్పుకోదగ్గ వేరే కారణమేదీ లేనివాళ్లలోనే దాదాపు సగం కేసులు కనిపిస్తున్నాయి. అరుదుగానైనా మగవాళ్లకూ వస్తుంది.

ఇక సూది సంగతి. బయాప్సీ చేస్తే జబ్బు పాకుతుందన్నది ఒట్టి అపోహ. ఈ ఒక్క భయంతో పరీక్ష మానేసి, గడ్డ పెద్దదయ్యాక వచ్చినవాళ్లను చూసినప్పుడు నాకు బాధ కంటే కోపమే ఎక్కువ వస్తుంది. వాళ్ల మీద కాదు, అలా చెప్పినవాళ్ల మీద. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి సూదితో చిన్న ముక్క తీస్తారు. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. గడ్డ క్యాన్సరా కాదా, అయితే ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అన్నవి చెప్పేది ఆ ముక్కే.

మీకు ముందు డాక్టర్ చేత్తో పరీక్షిస్తారు, చంకలో కూడా చూస్తారు. తర్వాత మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్. అనుమానం ఉంటే బయాప్సీ. ఒక విషయం గుర్తుపెట్టుకోండి. మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా, చేతికి గడ్డ స్పష్టంగా తగులుతుంటే ‘ఇది ఏమిటో తేల్చండి’ అని అడగండి. కణజాలం చిక్కగా ఉన్న రొమ్ముల్లో మామోగ్రామ్‌కు కొన్ని గడ్డలు చిక్కవు.

గడ్డ లేకుండానే జబ్బు బయటపడే సందర్భాలూ ఉన్నాయి. చర్మం సొట్ట పడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాని నుంచి రక్తం రావడం, చనుమొన మీద ఎన్ని పూతలు రాసినా మానని పుండు. వీటిలో ఏది కనిపించినా చర్మవ్యాధి అనుకుని సరిపెట్టుకోకూడదు.

ఒకవేళ క్యాన్సర్ అనే తేలినా, గడ్డ చిన్నదిగా ఉండగా దొరికితే చాలామందికి రొమ్ము మొత్తం తీయాల్సిన పని ఉండదు. గడ్డ వరకు తీసి, రేడియేషన్ ఇస్తారు. అలా చేసినవాళ్లు మొత్తం రొమ్ము తీసేసినవాళ్లతో సమానంగా బతుకుతున్నారని ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. అదే గడ్డ ముదిరాక వస్తే ఈ అవకాశం తగ్గిపోతుంది.

గడ్డ మామూలుదేనని తేలితే మంచిదే. అయినా 40 దాటారు కాబట్టి, ఎన్నాళ్లకోసారి మామోగ్రామ్ తీయించుకోవాలో అప్పుడే అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు గడ్డ ఎప్పుడు తగిలిందో, చివరి పీరియడ్ ఏ తేదీన వచ్చిందో రాసుకుని వెళ్లండి. హార్మోన్ మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకెళ్లండి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకుగా ఉంటే ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి, సూదికి భయపెట్టినవాళ్లను మాత్రం వద్దు.