సర్కిల్ పాఠం రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకటో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో ఆకారాల పేర్లు నేర్పడానికి నువ్వు రాసి పంపిన బొమ్మల పాఠాన్ని రెండుసార్లు చదివాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, వాక్యాలు చిన్నవిగా ఉన్నాయి; అయినా ఇది ఇప్పుడే అచ్చుకు వెళ్లరాదు.

మొదటి పేజీలోనే లడ్డు బొమ్మ కింద 'సర్కిల్' అని రాశావు. ఇదే తప్పు నేనూ చేశాను కనుక నిన్ను కోప్పడే హక్కు నాకు లేదు. నా తొలి పుస్తకం పట్టుకుని చంద్రగిరి దగ్గరి ఒక పల్లె బడికి వెళ్లినప్పుడు, ఒక పిల్లవాడు ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "లడ్డు బంతి మాదిరి ఉంటుంది గదా సార్, దోసె మాదిరి గీసినారే?" అని అడిగాడు. లడ్డు గోళం, దాని ఇంగ్లీషు పేరు ఆ వయసుకు అక్కరలేదు గానీ, అందుకని దాన్ని వృత్తంగా చూపడం తగదు. చేతి గాజును కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పించు. అప్పుడు కాగితం మీద మిగిలేదే సర్కిల్.

గోవిందరాజస్వామి గోపురాన్ని త్రిభుజమన్నావు. పైకి పోయేకొద్దీ అది సన్నబడుతుందే తప్ప రెండు అంచులూ ఒక కొన దగ్గర కలవవు. కలశాలు వరుసగా నిలిచేంత వెడల్పు పైన మిగిలే ఉంటుంది. దానికి బదులు కొండ దారి మలుపుల దగ్గర కనిపించే ఎర్ర అంచుల హెచ్చరిక బోర్డును గీయి. పక్కనే దారి ఇమ్మని చెప్పే బోర్డునూ గీస్తే, తలకిందులైనా త్రిభుజం త్రిభుజమేనని పిల్లలకు తెలుస్తుంది. చిన్నపిల్లలు ఆకారాన్ని భుజాలు లెక్కపెట్టి కాక మొత్తం రూపును చూసి గుర్తుపడతారని నెదర్లాండ్స్‌కు చెందిన ఉపాధ్యాయ దంపతులు వాన్ హీలేలు 1957లో తమ పరిశోధనల్లో వివరించారు. ఎప్పుడూ ఒకే తీరుగా నిలబెట్టిన త్రిభుజాన్ని చూసిన పిల్ల, దాన్ని తిప్పితే గుర్తుపట్టకపోవడం అందువల్లనే.

ఇక అసలు సంగతి భాషది. తల్లి చుక్కలు పెట్టి ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని చూసిన పిల్లకు ఆకారాలు కొత్త కావు, వాటి ఇంగ్లీషు పేర్లూ ఆ పేర్లు ఇమిడే వాక్యమూ మాత్రమే కొత్త. 'ఇది వృత్తం' అనే మన వాక్యంలో క్రియ లేదు. 'దిస్ ఈజ్ ఎ సర్కిల్' అనేటప్పుడు 'ఈజ్', 'ఎ' అనే రెండు మాటలకు మన భాషలో జోడీ దొరకదు. పిల్ల 'దిస్ సర్కిల్' అంటే అది అశ్రద్ధ కాదు, ఆమె తెలుగు వాక్యాన్ని సరిగ్గానే కడుతోంది. అందుకే విడి మాటలను పేజీ నిండా పేర్చకుండా, ఒకే వాక్యాన్ని బొమ్మ మార్చి మార్చి పది మార్లు రానివ్వు. కోడిగుడ్డు ఆకారానికి పేరైన 'ఓవల్' ముందు 'ఎ' కాస్తా 'యాన్' అవుతుంది కాబట్టి దాన్ని సర్కిల్, ట్రయాంగిల్, స్క్వేర్, రెక్టాంగిల్ అనే మొదటి నాలుగింటితో కలపక చివరికి జరుపు. మాట మొదట్లోనే 'స్క్' పలకడం పిల్లలకు కష్టం, పైగా మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక 'స్క్వేర్' పిల్లల నోట ముందొకటి, వెనకొకటి అచ్చు తగిలించుకుని 'ఇస్క్వేరు' అవుతుంది. చప్పట్లతో పలికించే చిన్న పాటొకటి రాస్తే అది మెల్లగా దారికి వస్తుంది. 'రౌండ్', 'సర్కిల్' ఒకటే అన్నట్టు రాశావు. మొదటిది గుండ్రంగా ఉండే గుణం, రెండోది ఆకారం పేరు. ఈ రెంటినీ కలిపేస్తే పిల్లలు 'దిస్ ఈజ్ ఎ రౌండ్' అంటారు.

రెక్టాంగిల్‌కు రెండు పొడవు భుజాలు, రెండు పొట్టి భుజాలు ఉండి తీరాలని రాసిన వాక్యాన్ని కొట్టివేయి. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనని పై తరగతిలో చెప్పవలసిన ఉపాధ్యాయుడు నిన్ను తిట్టుకుంటాడు. తలుపును చూపి, నాలుగు మూలలు లెక్కపెట్టించి ఊరుకో.

సవరించిన ప్రతిని పంతులు చేతికిచ్చి రాకుండా, నువ్వే ఒక బడికి వెళ్లి పిల్లల ముందు చదువు. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ అంచులో గీత పెట్టు. ఆ గీతలున్న ప్రతినే నాకు పంపు, రంగులు తరువాత వేయవచ్చు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు