పోటెత్తడం, పోటు వేళలు

సందేహం: “తిరుమలకు పోటెత్తిన భక్తులు” అని పేపర్లో తరచూ చూస్తుంటాం. ఈ పోటు, శ్రీవారి లడ్డూలు చేసే పోటు, ఆటుపోట్లలోని పోటు మూడూ ఒకటేనా? మా అబ్బాయి పాఠంలో “ఆటుపోట్ల వేళలు రోజూ మారతాయి” అని ఉంది. రోజుకు రెండుసార్లు తప్పకుండా వచ్చేదానికి వేళ మారడమేమిటి? ఆ వాక్యం సరైనదేనా?
– ఒక గృహిణి, తిరుపతి

సమాధానం: లడ్డూల పోటును ముందే పక్కన పెడదాం. అది ఆలయంలో ప్రసాదాలు తయారుచేసే వంటశాల. బూందీ పోటు, పోటు కార్మికులు అనే మాటలు తిరుపతివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అర్థంలో దానికీ సముద్రానికీ సంబంధం లేదు.

పోటెత్తడం మాత్రం సముద్రం మాటే. నీరు లేచి ఒడ్డు మీదికి రావడం పోటు, వెనక్కి తీయడం ఆటు. దీన్నే పాటు అని కూడా అంటారు. పడు నుంచి పాటు వచ్చినట్టే, పొడుచు నుంచి పోటు వచ్చింది. వెన్నుపోటులో ఉన్నది గుచ్చడం. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అన్నప్పుడు ఉన్నది పైకి రావడం. సముద్రపు పోటుకు ఈ రెండో అర్థమే దగ్గరని నా ఉద్దేశం. పోటు తర్వాత ఆటు రావాలి కదా, తిరుమల క్యూలో అది ఎప్పుడొస్తుందని మాత్రం నన్ను అడక్కండి.

ఇక పాఠంలోని వాక్యం నూటికి నూరుపాళ్లూ సరైనదే. పోటుకు ముఖ్య కారణం చంద్రుడి ఆకర్షణ. భూమి ఒక చుట్టు తిరిగే 24 గంటల్లో చంద్రుడు తన దారిలో కొంత ముందుకు జరిగిపోతాడు. మళ్లీ అతని ఎదుటికి రావాలంటే భూమికి ఇంకో 50 నిమిషాలు పడుతుంది. అందుకే ఈ రోజు ఉదయం 6 గంటలకు పోటు వస్తే, తర్వాతిది సాయంత్రం 6.25 ప్రాంతంలో, రేపు ఉదయానిది 6.50 ప్రాంతంలో వస్తుంది. చంద్రోదయం రోజురోజుకూ ఆలస్యం కావడమూ ఇందుకే.

వేళే కాదు, ఎత్తూ మారుతుంది. పోటు లేపడంలో సూర్యుడి బలం చంద్రుడి దానిలో సగానికి కాస్త తక్కువ. అమావాస్యకు, పున్నమికి ఇద్దరూ ఒకే వరుసలోకి వచ్చి కలిసి లాగుతారు, పోటు పెద్దది. అష్టమి ప్రాంతంలో ఒకరికొకరు అడ్డంగా ఉంటారు, పోటు చిన్నది. పాఠ్యపుస్తకాలు వీటిని పర్వవేలా తరంగాలు, లఘువేలా తరంగాలు అంటాయి. సంస్కృతంలో వేలా అంటే తీరం, సముద్రపు పోటు, సమయం కూడా. మన వేళ అందులోంచి వచ్చిందే. మాట గొప్పదే కానీ, తరంగం అనగానే పిల్లలు ఒడ్డున విరిగే అల అనుకుంటారు. పున్నమి పోటు, అష్టమి పోటు అని చెబితే గొడవే ఉండదు.

ఒకప్పుడు చిత్తూరు జిల్లాకు సముద్రం లేదనేవాళ్లం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, వాటితో పులికాట్ సరస్సులో ఎక్కువ భాగమూ వచ్చింది. ముఖద్వారం తెరిచి ఉంటే పోటునీరు సరస్సులోకి వచ్చిపోతుంటుంది. అక్కడ ఇసుక మేట వేసిందా, చంద్రుడు ఎంత లాగినా లోపలికి వచ్చే పోటు తగ్గిపోతుంది. లోతు, తీరం ఆకారం మారితే పోటూ మారుతుందన్నమాట. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ ఇరుకు కాబట్టి అక్కడ పోటుకూ ఆటుకూ తేడా 10 మీటర్లు దాటుతుంది. మన తీరంలో పున్నమికి కూడా మీటరుకు కాస్త అటూ ఇటూ, అంతే.

చంద్రుడి దారి వంపు దిశ 18.6 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన కూడా పోట్లు కొంత పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఇంకా పెద్ద లెక్క చూస్తే, ఆటుపోట్ల రాపిడి భూమి తిరుగుడును నెమ్మదింపజేస్తోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కాంతిని పంపి కొలిచిన లెక్క ఇది. ఆస్ట్రేలియాలో 62 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో పోటు వేసిన సన్నటి ఒండ్రు పొరలు ఉన్నాయి. వాటిని లెక్కపెట్టి అప్పట్లో రోజుకు దాదాపు 22 గంటలేనని తేల్చారు. మీవాడి పుస్తకంలో “రోజూ మారతాయి” అన్నది చాలా తక్కువ చేసి చెప్పిన మాట!

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. “జీవితంలో ఎన్నో ఆటుపోట్లు ఎదుర్కొన్నారు” అని సన్మాన పత్రాల్లో రాస్తుంటారు, కష్టాలు అనే అర్థంలో. వాడుక స్థిరపడిపోయింది, తప్పని కొట్టేయలేం. కానీ జంటలో పోటు కూడా ఉంది, అది పెరుగుదల. కష్టాలు మాత్రమే చెప్పదలచుకుంటే కష్టాలనే అనండి.