జల్లుకి అడ్డదారి

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాడు. డిటెక్టర్లలో కణాల జల్లుని ఇప్పుడు పూర్తిగా లెక్కగట్టకుండా ఏఐతో క్షణంలో పుట్టించేస్తున్నారని చెప్పాడు. ప్రయోగం చేసి నిజం తేల్చాల్సిన చోట ఇలా పుట్టించుకుంటే అది సైన్స్ ఎలా అవుతుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇలాంటి జల్లులు పుట్టించే మోడళ్లు రాయడమే నా పని. ఇందులో చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేదండీ. అయితే అసలు డిటెక్టర్ ఇచ్చే డేటాని ఎవరూ పుట్టించరు. పుట్టించేది దాని పక్కన పెట్టి పోల్చుకునే నమూనాని. ఫలానా కణం వస్తే మన పరికరంలో ఎలా కనబడుతుందో ముందే తెలియకపోతే, వచ్చినదేమిటో ఎలా చెబుతాం?

50 గిగా (అంటే 50,000 మిలియన్) ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ ఒకటి సీసంలో దూరిందనుకోండి. అర సెంటీమీటరు అటూ ఇటూగా పోయేసరికి ఏదో ఒక కేంద్రకం పక్కన వంగి ఫోటాన్‌ని విదిలిస్తుంది. ఆ ఫోటాన్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. వాటికి మళ్లీ ఫోటాన్లు. పిల్లలు, మనవలు, మునిమనవలు! ఇదే జల్లు. ఒక్కొక్కరి శక్తి వాటా 7 మిలియన్ ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గరికి పడిపోయేసరికి సంతానం ఆగుతుంది. భాగించి చూసుకుంటే దాదాపు 7,000 మంది, అదీ 5 సెం.మీ. లోతులోపే.

జియాంట్4 అనే ప్రోగ్రామ్ ఈ వంశంలో ప్రతి ఒక్కరి వెంటా అడుగడుగునా నడుస్తుంది. అందుకే సెర్న్‌లోని అట్లాస్ లాంటి ప్రయోగంలో ఒక్క ఘటనకే (అంటే కణాల ఒక్క ఢీకే) నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో ఎక్కువ భాగం శక్తిని కొలిచే కెలోరీమీటర్‌కే పోతుంది. కావలసిన ఘటనలేమో కోట్లలో.

నిజానికి ఆ 7,000 మంది జీవితచరిత్రలు డిటెక్టర్‌కి అక్కర్లేదు. ఏ గడిలో ఎంత శక్తి పడిందన్నదే అది చూస్తుంది. అడ్డదారి అక్కడే దొరికింది. ఇది ఏఐతో మొదలైన ఆలోచనేం కాదు. లోతుకొద్దీ శక్తి ఎలా పెరిగి తగ్గుతుందో గామా వక్రం అనే గణిత గీతతో గీసే జీఫ్లాష్ పద్ధతి 1990 నాటికే ఉంది. న్యూరల్ నెట్‌వర్క్‌తో జల్లులు పుట్టించిన కేలోగాన్ 2017లో వచ్చింది. అట్లాస్ వాడే అట్ల్‌ఫాస్ట్3 కూడా కణాల దారిని గుర్తించే లోపలి ట్రాకర్‌ని జియాంట్4కే వదిలి, కెలోరీమీటర్‌లో మాత్రం అడ్డదారి పడుతుంది.

నా మొదటి మోడల్ సంగతి చెబుతాను. కెలోరీమీటర్‌లో పొరపొరకీ సగటు శక్తి గీస్తే జియాంట్4 గీత మీద నా గీత అచ్చుగుద్దినట్టు కూర్చుంది. ఆ రోజు భలే గర్వపడ్డాను. మర్నాడు పక్క సీటు సహోద్యోగి, అసలు, నకిలీ జల్లుల్ని వేరుచేసే చిన్న క్లాసిఫయర్ రాసి నా మీదికి వదిలాడు. అది నా జల్లుల్ని దాదాపు ఒక్కటీ వదలకుండా పట్టేసింది!

తప్పు ఎక్కడంటే, ప్రతి పొరకీ హెచ్చుతగ్గుల్ని విడివిడిగా చల్లాను. నిజం జల్లు అలా ఉండదు. ఎలక్ట్రాన్ కాస్త ఆలస్యంగా జల్లు మొదలెడితే ముందు పొరలో శక్తి తగ్గి, ఆ మేరకు వెనక పొరల్లో పెరుగుతుంది. నా జల్లుల్లో ముందు పొరకి వెనక పొర గురించి తెలియదు. సగటు సరిపోయింది, బంధుత్వాలే లేవు. అది సరిదిద్దడానికి నాకు నెలలు పట్టింది. పయాన్ల లాంటి హాడ్రాన్ల (క్వార్కులతో తయారైన కణాల) జల్లులైతే ఇంకా మొండివి. ఒకదానికొకటి పోలికే ఉండదు.

నమ్మకం మాటకొస్తే, అది మెట్లు మెట్లుగా వస్తుంది. తెలిసిన శక్తి గల కణపుంజాన్ని నిజంగా డిటెక్టర్ ముక్క మీదికి పంపి జియాంట్4ని సరిచూస్తారు. జియాంట్4తో మా మోడల్‌ని సరిచూస్తాం. నేర్పిన శక్తుల హద్దు దాటాక దాన్ని నేనైతే నమ్మను. అరుదైన పోలికల మీద ఆధారపడే విశ్లేషణకి, ఉదాహరణకి జెట్ (ఒకే వైపు దూసుకొచ్చే కణాల గుంపు) ఒకటి ఫోటాన్‌లా మోసం చేసే చోట, ఎంత ఆలస్యమైనా జియాంట్4 పూర్తి సిమ్యులేషనే అడుగుతాను.

మీ అబ్బాయి ఈసారి ఏదైనా కొత్త మోడల్ చూపిస్తే, సగటు గీత పక్కనపెట్టి, ముందు పొర శక్తికీ వెనక పొర శక్తికీ మధ్య బొమ్మ గీసి చూపించమనండి.