బెంగళూరుకి కారు తీసుకెళ్లే ముందు

చి. సింధుకి, పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్ కారునే బెంగళూరుకి తీసుకెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. లైసెన్సు గురించి టెన్షన్ పడకు తల్లీ. మన దగ్గర ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది, ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ కాగితం) కూడా అంతే. 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఆ మాట ఉంది. చిక్కల్లా పన్ను దగ్గరే. ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్ పేరుకే లైఫ్, బండి పక్క రాష్ట్రంలో స్థిరపడితే దాని ఆయుష్షు తీరినట్టే. పన్నెండు నెలలకు మించి అక్కడే ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి, అక్కడి పన్నూ కట్టాలి.

అందుకే ఏ రోజు వెళ్లావో రుజువు ఉండాలి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, అద్దె అగ్రిమెంటు దాచుకో. ఏడాది లోపే తిరిగొచ్చేస్తావనుకుంటే నంబరు జోలికి పోకు.

ఉండిపోతానంటే ముందు ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో ఎన్‌వోసీ, అంటే బండి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదనే కాగితం, తీసుకోవాలి. దానికి ఫారం 28. చలాన్లు ఏమైనా ఉంటే ముందే కట్టెయ్. ఫారం మీద చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ కావాలి. నంబరు చెక్కిన చోట (కొన్ని బళ్లకు సీటు కింద ఉంటుంది) జిడ్డు తుడిచి, పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ వాల్చి పట్టుకుని మెల్లగా రుద్దు. అంకెలు తెల్లగా తేలతాయి. గట్టిగా నొక్కితే చిరుగుతుంది. రెండు మూడు ఎక్కువే తీసి పెట్టుకో.

నేను ఒకసారి లోను తీరిపోయింది కదా అని ధీమాగా వెళ్లాను. ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించేసరికి మూడుసార్లు తిరిగాను. నీ ఆర్‌సీ ఇప్పుడే చూసుకో.

అక్కడ పన్ను కట్టాక, ఇక్కడ మిగిలిన కాలానికి రీఫండు అడగొచ్చు. తిరగలేక చాలామంది వదిలేస్తారు. నువ్వు వదలకు, ఆ రసీదు భద్రం.

ఒకరి కాగితం ఒకరు ఒప్పుకోవడానికి రాష్ట్రాలకు అభ్యంతరమేమీ లేదు, డబ్బు ఎవరికన్నదే పేచీ. నా లారీ రోజుల్లో నేషనల్ పర్మిట్ అంటే ఒక్కో రాష్ట్రం పేరిట ఒక్కో డీడీ తీయాలి. 2010లో అది పోయింది. ఇప్పుడు ఏడాదికి 16,500 రూపాయలు ఒకేచోట కడితే లారీ దేశమంతా తిరుగుతుంది, ఆ డబ్బు రాష్ట్రాలు పంచుకుంటాయి. లారీకి కుదిరింది కారుకెందుకు కుదరదో నాకైతే అర్థం కాదు.

2021లో కార్లకూ బీహెచ్ (భారత్) నంబర్లు తెచ్చారు. రెండేళ్లకోసారి పన్ను కట్టుకుంటూ పోవచ్చు, రాష్ట్రం మారినా నంబరు మారదు. కానీ అది ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీలవాళ్లకే. పైగా అమలులో అన్ని రాష్ట్రాలూ ఒకేలా లేవు. మీ కంపెనీకి ఎన్ని చోట్ల ఆఫీసులున్నాయో హెచ్‌ఆర్‌ని అడుగు.

ఆర్‌సీ రెండు వైపులా ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం కూర్చుని చూస్తాను.

పెదనాన్న