2 ఆంపియర్లకు సెట్ చేసిన స్విచ్ 1.6కే ఎందుకు ఆపుతోంది?

అడిగింది ఇదీ: 2 ఆంపియర్ల లిమిట్ పెట్టిన ఎలక్ట్రానిక్ పవర్ స్విచ్ (కరెంటు లిమిట్ దాటకుండా తనే ఆపే చిప్) ఒక లోడ్‌కు 1.6 దగ్గరే ఆపేస్తోంది, ఇంకోదానికి 2.3 దాకా వదులుతోంది, చిప్ డూప్లికేటా అని.

అయ్యుండదు. ఏది మొరాయించినా ముందు సరుకును తిట్టడం మనకు అలవాటు. డేటాషీట్‌లో (చిప్ కొలతలు రాసిన కాగితంలో) ‘టిపికల్’, అంటే మామూలుగా ఉండే అంకె గడి ఒక్కటే చూసి మినిమమ్, మ్యాక్సిమమ్ గడులు వదిలేస్తే ఇట్లాగే ఉంటుంది.

నేను చిత్తూరులో ఉంటూ పాల కేంద్రాల మిషన్లు రిపేరు చేస్తుంటా. పలమనేరు వైపు ఒక ఊళ్లో 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే పాల పరీక్ష సెట్టు, దానికి కరెంటు ఇట్లాంటి స్విచ్ గుండానే. ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) అంకెలు చీటీ మీద చక్కగా పడేవి. చివర్లో నల్లపట్టీ మీద డెయిరీ బొమ్మ వచ్చేసరికి అచ్చు పాలిపోయి, డిస్‌ప్లే ఆరిపోయి, మిషను మళ్లీ మొదట్నుంచీ! తెల్లారుజామున క్యాన్లతో లైన్లో నిలబడిన ఒకమ్మ, "ఏం నాయనా, మీ మిషను గూడా నీళ్లపాలే తాగిందా?" అనింది. అందరూ ఒకటే నవ్వు.

కంపెనీ ఆయనకు ఫోన్ చేస్తే, బెంచి మీద స్విచ్ సరిగ్గా 2 ఆంపియర్లకే ఆగిందని వాదన. దేంతో చూశారయ్యా అంటే రియోస్టాట్‌తో, అదే, తిప్పి కరెంటు మార్చే రెసిస్టర్‌తో అంట! రియోస్టాట్ బొమ్మలు అచ్చేస్తుందా? థర్మల్ ప్రింటర్లో ఒకేసారి ఎన్ని చుక్కలు కాలితే అంత కరెంటు. అక్షరాలకు కొన్ని చాలు, నల్లపట్టీకి గీత మొత్తం కాలాలి. లిమిట్ నిర్ణయించే రెసిస్టర్ మార్చి, మినిమమ్ గడిలోని అంకె నల్లపట్టీ లాగే కరెంటు కన్నా పైన ఉండేట్టు చూశా. వైరు, ఫ్యూజు మాత్రం మ్యాక్సిమమ్ గడి చూసి వేశా. ఆ తర్వాత బొమ్మ నిండుగా పడింది.

చిన్న కరెంట్లకైతే తేడా ఇంకా ఎక్కువ. స్విచ్ రెసిస్టెన్స్ 50 మిల్లీఓమ్‌లు అనుకోండి. 2 ఆంపియర్లకు దాని మీద 100 మిల్లీవోల్టులు పడతాయి. ఆ వోల్టేజీని చూసి కరెంటు కొలిచే ఆంప్లిఫయర్ 2 మిల్లీవోల్టులు అటూఇటూ చెప్పినా తప్పు 2 శాతమే. 0.2 ఆంపియర్లకు పడేది 10 మిల్లీవోల్టులే, అప్పుడు అదే తప్పు 20 శాతం!

ఇంట్లో 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లు పోతున్నా గంటసేపు పడిపోకూడదనే ప్రమాణం రాసుకున్నారు. దాన్ని ఎవరూ అడగరు. పాపం, గోరంత చిప్‌ను మాత్రం బంగారం తూకం తూస్తారు.

ఇంతకీ ఆ 1.6 చూపించింది మల్టీమీటరేనా? 12 వోల్టుల మీద లోడ్ షార్టయితే 2 ఆంపియర్ల దగ్గర ఆ చిప్ 24 వాట్లు మింగాలి. వేడెక్కి ఆగుతుంది, చల్లబడి మళ్లీ మొదలెడుతుంది. మీటరు ఆ ఆగడం, నడవడం కలిపి సగటు చూపిస్తుంది. స్కోప్ (కరెంటు క్షణక్షణం ఎట్లా మారుతోందో గీసి చూపే ఆసిలోస్కోప్) పెట్టి చూడండి. అసలు మీ లోడ్‌లు ఏంటో రాయనేలేదు, మోటారా, ఎల్ఈడీ పట్టీనా?