వానల్లో లినో ప్రింట్లు ఆరకపోతే: సమాధానం

అమలాపురం తమ్ముడూ, పన్నెండు మంది లినోకట్లు (లినోలియం షీటు చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు వేసే బొమ్మలు) ఒకరికొకరు మార్చుకుందామనుకుంటే సిరా ఆరక కట్టంతా అతుక్కుపోయిందన్నావు. అచ్చు నొక్కే ప్రెస్ కూడా లేదన్నావు.

రాజమండ్రిలో మాకూ శ్రావణమాసం వస్తే ఇదే గోల. నూనె సిరా ఆరడమంటే తడి ఎగిరిపోవడం కాదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడటం. అందుకని ముందు సిరా పూత తగ్గించు. రోలర్ దొర్లిస్తుంటే సన్నగా సిరసిరమనాలి. పచపచమందంటే ఎక్కువైనట్టే, గీసేసి మళ్లీ పల్చగా పరుచు. సిరా త్వరగా ఆరడానికి కలిపే కోబాల్ట్ డ్రయ్యర్ ఒకటి రెండు చుక్కలు చాలు. ఎక్కువేస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది (నేను ఒక ఎడిషన్, అంటే ఒకే బొమ్మ ప్రింట్ల సెట్టు, మొత్తం అలాగే పాడుచేసుకున్నాను). తీసిన ప్రతి ప్రింటునూ బట్టల క్లిప్పులతో తీగకు వేలాడదీసి, ఫ్యాను చిన్నగా తిప్పు. వారం ఆగు. వేలితో తాకితే మరక అంటకూడదు, అప్పుడే మధ్యలో బటర్ పేపర్ పెట్టి పేర్చు. పాత న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, దాని అక్షరాలు నీ బొమ్మ మీదకి దిగుతాయి.

ప్రెస్ లేకపోతే ఏం? సిరా పూసిన లినో మీద పల్చటి కాగితం పరిచి, చెక్క గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకు రుద్దు. ఒక మూల ఎత్తి చూసుకుంటూ పో.

పన్నెండు మందికి తలా పన్నెండు ప్రింట్లు, చెడిపోయేవాటికి ఇంకో మూడు వేసుకోండి. కాగితం సైజు ముందే ఒకటే అనుకోండి. కింద అంచున పెన్సిల్‌తోనే 1/12, 2/12 అని (పన్నెండింటిలో మొదటిది, రెండోది అని) వేసి సంతకం చేయండి.