పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మంచులో నేల వెతుకులాట

ప్రశ్న: 1849లో మోర్మన్లు (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవారు) దక్షిణ యూటాలో ఊళ్లకు అనువైన నేల వెతకడానికి చలికాలంలో బయల్దేరారట. సరుకు ఎంత తీసుకెళ్లారు? ఎక్కడ దెబ్బతిన్నారు?

జవాబు: మోర్మన్ల అధినేత బ్రిగమ్ యంగ్ పంపగా, పార్లీ ప్రాట్ నాయకత్వంలో సుమారు 50 మంది నవంబరు చివర్లో సాల్ట్ లేక్ ఊరి నుంచి కదిలారు. 12 బండ్లు, 24 జతల ఎడ్లు, 38 గుర్రాలూ కంచరగాడిదలూ, ఒక ఇత్తడి ఫిరంగి. తలకు 150 పౌన్ల పిండి, అంటే 68 కిలోలు.

తిండి మనుషులకు సరే, పశువులకో? గుర్రం గిట్టలతో మంచు తవ్వి గడ్డి మేస్తుంది. ఎద్దుకు ఆ అలవాటు లేదు, మంచు పేరుకుంటే పస్తే. అందుకే ఇప్పటి పరోవాన్ ఊరి దగ్గర బండ్లు వదిలి, సుమారు 20 మంది గుర్రాల మీద వర్జిన్ నది వైపు దిగారు. అక్కడ శాంటా క్లారా ఏటి ఒడ్డున పయూట్‌లు అనే స్థానిక తెగవారు అప్పటికే కాలువలు తీసి మొక్కజొన్న పండిస్తున్నారు. అది 'ఖాళీ నేల' అనుకోవడం అంత నిజం కాదు!

తిరుగు దారిలో, జనవరిలో, బండ్లు మంచులో కూరుకుపోయాయి. సగం మంది పశువులతో అక్కడే ఆగిపోయారు, మిగతావారు ప్రాట్‌తో ముందుకు సాగారు. ఒక ఉదయం పడుకున్నవాళ్ల ఆనవాలే లేదు, అంతా మంచు కుప్పలే. ప్రాట్ గట్టిగా కేక వేస్తే కుప్పలు కదిలి మనుషులు లేచారు.

బండ్లు వదిలిన చోటికి దగ్గర్లోనే 1851 జనవరిలో పరోవాన్ ఊరు వెలిసింది.